వీపు కింద చలి: హ్యామక్‌లో పడుకునేవాళ్లు ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

లంబసింగి దగ్గర ఒక కాఫీ తోటలో, యజమానిని అడిగి, రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య హ్యామక్, అంటే గుడ్డ ఊయల, కట్టుకుని పడుకున్న మొదటి రాత్రి నేను మర్చిపోలేను. డిసెంబరు చివరి వారం. చెట్టుకి తగిలించిన థర్మామీటరు 7 డిగ్రీలు చూపిస్తోంది. నా స్లీపింగ్ బ్యాగ్ మీద 5 డిగ్రీల వరకూ పనికొస్తుందని రాసుంది. మంకీ టోపీ, రెండు జతల మేజోళ్లు, స్వెట్టరు, దేనికీ లోటు లేదు. పదింటికి పడుకుంటే పన్నెండున్నరకి మెలకువ వచ్చేసింది. ఛాతీ మీద చెమట, వీపు కింద ఐసుగడ్డ. పక్కకి తిరిగితే తుంటి చల్లబడుతోంది, ఇటు తిరిగితే భుజం. మూడింటి దాకా అలా పొర్లి, ఇక లాభం లేదని దిగి కారులో సీటు వాల్చుకున్నాను. అదే బ్యాగు, అవే బట్టలు. పది నిమిషాల్లో గురక.

నిజానికి ఇది మనవాళ్లకి తెలియని సంగతేమీ కాదు. ఎండాకాలం ఆరుబయట నులక మంచం వేసుకునేది కింద నుంచి గాలి ఆడుతుందనేగా. అదే మంచాన్ని సంక్రాంతి రోజుల్లో బయట వేసుకుంటే పైన నాలుగు దుప్పట్లు కప్పినా కింద నుంచి చలి కోసేస్తుంది. అందుకే కళ్లం కాపలాకి వెళ్లినవాళ్లు మంచం జోలికి పోకుండా వరిగడ్డి పరుచుకుని అందులో దూరతారు. హ్యామక్ కూడా ఒక మంచమే, కాకపోతే నులక కన్నా పల్చటిది.

మరి స్లీపింగ్ బ్యాగ్ ఉందిగా అంటారా? బ్యాగులో వెచ్చదనమిచ్చేది అందులో కూరిన ఈకలో, దూదో అనుకుంటాం. అసలు పని చేసేది వాటి మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి. మీ బ్యాగు అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి చూడండి. మూడంగుళాల మందం కాస్తా రెండు పొరల గుడ్డంత అయిపోతుంది. మీరు పడుకున్నప్పుడు వీపు కింద ఉండేది ఆ రెండు పొరల గుడ్డే. నేల మీద అయితే కింద మ్యాట్ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. బ్యాగు మీద రాసే ఉష్ణోగ్రత కూడా అలా తేల్చినదే: ఆ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష చేసేటప్పుడు వేడెక్కించిన బొమ్మని బ్యాగులో పెట్టి, మ్యాట్ మీదే పడుకోబెడతారు. గాలిలో వేలాడదీసి కాదు. అంటే నా 5 డిగ్రీల బ్యాగు అబద్ధమాడలేదు, దాన్ని తప్పు చోట వాడింది నేనే.

హ్యామక్‌ల పిచ్చి బాగా ముదిరిన అమెరికాలో ఈ బాధకి ‘కోల్డ్ బట్ సిండ్రోమ్’ అని పేరే పెట్టేసుకున్నారు. అనువాదం మీకే వదిలేస్తున్నాను. వాళ్ల అనుభవం ప్రకారం రాత్రి 20 డిగ్రీలకి దిగినా కింద ఏదో ఒకటి ఉండాల్సిందే. నా అనుభవమూ అదే. వికారాబాద్ అనంతగిరిలో నవంబరు రాత్రి, పెద్ద చలేమీ లేదు, అయినా తెల్లవారుజామున నడుము బిగుసుకుపోయింది.

కాబట్టి ఈ వ్యాసమంతా ఎక్కువగా కింద ఏం వేయాలన్న దాని గురించే. పైన కప్పుకునేది ఎవరింట్లోనైనా ఉంటుంది.

ఫోమ్ మ్యాట్: మొదట కొనాల్సింది ఇదే

డెకాత్లాన్‌లాంటి చోట్ల చుట్టచుట్టి పెట్టిన ఫోమ్ మ్యాట్ ఉంటుంది చూశారూ, యోగా మ్యాట్ కన్నా కాస్త మందంగా, తేలిగ్గా. మామూలు రకం వెయ్యి రూపాయల లోపే వస్తుంది. లోపలి గాలి గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి ఒంటి బరువు పడినా పెద్దగా నలగదు, తడిస్తే నీళ్లు పీల్చదు, ముల్లు గుచ్చుకున్నా దానికేమీ కాదు. హ్యామక్‌లో నిద్రపోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

వీటి వెచ్చదనాన్ని ‘ఆర్ విలువ’ అనే అంకెతో చెబుతారు. అంకె పెరిగితే వేడి తక్కువగా కారిపోతుందని అర్థం. మడతలు పెట్టే ఫోమ్ మ్యాట్లలో పేరున్న థర్మారెస్ట్ జీ లైట్ సోల్‌కి అది 2. బరువు 400 గ్రాములు దాటి ఓ పది. హ్యామక్‌లో నా లెక్క ఇలా ఉంటుంది: ఆర్ 2 ఉంటే 10 డిగ్రీల దాకా ధైర్యంగా పడుకోవచ్చు, సున్నా దగ్గరికి వెళ్లేట్టయితే 4 కావాలి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కూడుకోవచ్చు, 2కి 2 కలిస్తే 4. గాలి వీస్తుంటే మాత్రం ఈ లెక్క కొంచెం కిందకి జారుతుంది.

ఇక తిప్పలు. మొదటిది, మ్యాట్ జారిపోవడం. హ్యామక్‌లో తిన్నగా పడుకుంటే అరటికాయలా వంగిపోతాం కాబట్టి కాస్త ఏటవాలుగా, మూల నుంచి మూలకి పడుకోవాలి. మ్యాట్‌కి ఆ సంగతి తెలీదు. అది గుడ్డ మధ్యకి తిరిగిపోవాలని చూస్తుంది. రాత్రి మూడింటికి లేచి చూస్తే మ్యాట్ మోకాళ్ల పక్కన నిలబడి ఉంటుంది, మీరు వట్టి గుడ్డ మీద ఉంటారు. దీనికి సరైన మందు రెండు పొరల హ్యామక్. రెండు గుడ్డల మధ్య మ్యాట్ దూర్చేస్తే ఎటూ కదలదు. ఫోమ్ మ్యాట్‌తోనే నెట్టుకొద్దామని ముందే అనుకుంటే, హ్యామక్ కొనేటప్పుడే రెండు పొరలది కొనండి. తేడా కొన్ని వందలే.

రెండోది, భుజాలు. మ్యాట్ వెడల్పు 50 సెంటీమీటర్లు ఉంటుంది. హ్యామక్ గుడ్డ మనల్ని రెండు వైపుల నుంచీ కౌగిలించుకుంటుంది కాబట్టి భుజాలు మ్యాట్ దాటి వెళ్లి, చల్లటి గుడ్డకి ఒత్తుకుంటాయి. నేనేం చేశానంటే, ఇంకో చవక మ్యాట్ కొని, వంటింటి కత్తెరతో మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా ఉండే పొడవున రెండు ముక్కలు కోశాను. వాటిని పెద్ద మ్యాట్‌కి భుజాల దగ్గర అటొకటి ఇటొకటి, రెక్కల్లా, వెడల్పాటి గుడ్డ టేపుతో అతికించాను. టేపుని గట్టిగా బిగించి అతికిస్తే మొదటి రాత్రే ఊడిపోయింది. రెక్క మడిచినప్పుడు ఒక వేలు దూరేంత వదులుంచి మళ్లీ అతికించాను, అది మూడు చలికాలాలుగా ఉంది. చూడ్డానికి ఈనాడు పేపరుతో పిల్లలు చేసిన విమానంలా ఉంటుంది. చీకట్లో ఎవరు చూస్తారు?

గాలి పరుపు: వద్దనను, కానీ

ఊది వేసుకునే గాలి పరుపులు తక్కువ బరువుకే ఎక్కువ వెచ్చదనమిస్తాయి. మంచి రకాల్లో ఆర్ విలువ 7 దాటినవి కూడా ఉన్నాయి, మంచు కొండల మీద టెంటుల్లో వాడతారు. ఇప్పటికే హిమాలయన్ ట్రెక్కుల కోసం కొనుక్కున్నది ఇంట్లో ఉంటే హ్యామక్‌లోనూ వాడేయండి. హ్యామక్ కోసమే కొత్తగా కొనడం మాత్రం నాకు నచ్చదు. నిండుగా ఊదితే గోదాట్లో దోనె ఎక్కినట్టు అటూ ఇటూ ఊగుతుంది. సగం ఊదితేనే గుడ్డతో పాటు వంగుతుంది. పైగా నున్నటి పరుపు మీద నున్నటి బ్యాగు, రాత్రంతా జారుడుబల్లే. తోటల్లో ముళ్లకి కొదవ లేదు. పరుపుకి చిల్లు పడిన రాత్రి మీ ఆర్ విలువ సున్నా.

అండర్‌క్విల్ట్: అసలైన జవాబు

హ్యామక్‌కి బయట, అడుగున, చిన్న బొంతలా వేలాడేదాన్ని అండర్‌క్విల్ట్ అంటారు. ఇందులో ఉన్న కిటుకు ఒక్కటే: మీ బరువు హ్యామక్ గుడ్డ మీద పడుతుంది, క్విల్ట్ మీద పడదు. కాబట్టి అందులోని ఈకలు నలగకుండా పూర్తి మందంతో ఉబ్బి ఉంటాయి. వీపు నుంచి భుజాల దాకా చుట్టూ పట్టేస్తుంది, జారదు, రెక్కలు అతికించే పని లేదు. ఫోమ్ మ్యాట్ మీద నుంచి దీనికి మారిన రాత్రి నేను ఒకసారి కూడా లేవలేదు. హ్యామక్‌లో ఉండే హాయి అంతా వేలాడే గుడ్డ ఒంటికి తగ్గట్టు ఒదిగిపోవడంలోనే ఉంది. మ్యాట్ వేస్తే ఆ హాయి సగం పోతుంది, క్విల్ట్‌తో అది అలాగే ఉంటుంది.

కానీ దీన్ని సరిగ్గా కట్టడం ఒక విద్య. కొత్తగా కొని ‘డబ్బు దండగ, చలి ఆగలేదు’ అనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని వదులుగా కట్టినవాళ్లే. క్విల్ట్‌కీ హ్యామక్ గుడ్డకీ మధ్య ఖాళీ ఉంటే వేడెక్కిన గాలి ఆ సందులోంచి జారిపోయి చల్లగాలి వచ్చి చేరుతుంది. అలాగని క్విల్ట్‌ని వేలాడదీసే సాగే తాడుని బిగించేస్తే ఈకలు నలిగి, మళ్లీ స్లీపింగ్ బ్యాగ్ కథే. నేను చేసే పరీక్ష ఇది: స్నేహితుణ్ని హ్యామక్‌లో పడుకోబెట్టి, నేను కింద మోకాళ్ల మీద కూర్చుని, క్విల్ట్‌కీ గుడ్డకీ మధ్య అరచేయి దూరుస్తాను. చేతికి రెండు వైపులా మెత్తగా ఒత్తుకోవాలి. చెయ్యి ఆడించగలిగితే వదులు, దూర్చడమే కష్టమైతే బిగువు. తల వైపు, కాళ్ల వైపు కొసలు కూడా చూడాలి. గాలి ఎక్కువగా దూరేది అక్కడే. ఒంటరిగా వెళ్తే హ్యామక్‌లో పడుకుని, అంచు మీదుగా చెయ్యి కిందకి పోనిచ్చి తడుముకోవడమే.

ఇవి నిండు పొడవులోనూ వస్తాయి, ముప్పావు పొడవులోనూ వస్తాయి. ముప్పావుది భుజాల నుంచి మోకాళ్ల దాకానే ఉంటుంది. బరువు, ధర తగ్గుతాయి కానీ పిక్కల కింద, పాదాల కింద చిన్న ఫోమ్ ముక్క వేసుకోవాలి. రోజంతా మోసుకుంటూ నడిచేవాళ్లకి ముప్పావుది మేలు. కారు పక్కనే పడుకునే మనలాంటి వాళ్లకి నిండుదే సుఖం.

మరి ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే చిక్కు. హైదరాబాద్, వైజాగ్‌లలో నేను తిరిగిన దుకాణాల్లో హ్యామక్‌లు బోలెడు, అండర్‌క్విల్ట్ మాత్రం లేదు. అమెరికాలో ఇవి కుట్టడమే పనిగా పెట్టుకున్న చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి: హ్యామక్ గేర్, వార్‌బానెట్, ఎన్‌లైటెన్డ్ ఎక్విప్‌మెంట్ వగైరా. ఈకలవైతే ఇంచుమించు 150 నుంచి 300 డాలర్ల మధ్య. కాబట్టి మనలో చాలామందికి అండర్‌క్విల్ట్ అంటే డల్లాస్ నుంచో అట్లాంటా నుంచో వచ్చే బావగారి సూట్‌కేసులో రావాల్సిన వస్తువు. అదృష్టవశాత్తూ నొక్కితే సొరకాయంత అయిపోతుంది, బరువు అర కిలో పైచిలుకు. ఆవకాయ సీసా ఎదురిస్తే ఎవరూ కాదనరు.

బావగారికి చెప్పేముందు ఒక హెచ్చరిక. అక్కడి క్విల్ట్‌ల మీద 40, 20, 0 అని ఉండే అంకెలు ఫారెన్‌హీట్‌వి. 40 అంటే మన లెక్కలో 4 డిగ్రీల పైన, 20 అంటే మైనస్ 7 దగ్గర. పైగా స్లీపింగ్ బ్యాగులకున్నట్టు వీటికి బొమ్మని పెట్టి చేసే పరీక్ష లేదు. ఎక్కువగా తయారీదారు తన అనుభవంతో వేసిన అంకె అది. నేనైతే అయిదారు డిగ్రీలు తీసేసి నమ్ముతాను. అంటే లంబసింగి, అరకు చలికి 40 రకం అంచు మీద ఉంటుంది, 20 రకం తీసుకుంటే నిశ్చింత. చలి తక్కువైతే తాడు కాస్త వదులు చేస్తే సరి.

ఈకలా, కృత్రిమ దూదా?

పుస్తకంలో లెక్క చూస్తే ఈకలే గొప్ప: అదే వెచ్చదనానికి తక్కువ బరువు, తక్కువ చోటు, ఏళ్ల తరబడి మన్నిక. కానీ మన మన్యంలో నేను కృత్రిమ దూదికే ఓటేస్తాను. కారణం మంచు. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు, బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని. అక్కడ చలి ఒక్కటే రాదు, పొగమంచుని వెంటబెట్టుకుని వస్తుంది. తెల్లవారుజామున చెరువులవేనం దగ్గర నిలబడితే మబ్బులు కాళ్ల కింద ఉంటాయి. ఫొటోకి బాగుంటుంది. ఆ మబ్బులో వేలాడుతున్న ఈకల క్విల్ట్‌కి మాత్రం బాగుండదు. పొద్దున లేచేసరికి పై గుడ్డ తడిగా తగులుతుంది. ఎండ పడేసరికి తొమ్మిదో పదో అవుతుంది. ఒక రాత్రికి ఏమీ తెలియదు. రెండో రాత్రి ఈకలు అక్కడక్కడ ఉండలు కట్టి, ఆ ఉండల మధ్య వట్టి గుడ్డ మిగులుతుంది. కృత్రిమ దూది తడిసినా కొంత ఉబ్బు నిలుపుకుంటుంది, విదిలించి ఆరేస్తే త్వరగా ఆరుతుంది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి ఇంకో రకం. ఉష్ణోగ్రత లంబసింగికి దీటుగా పడిపోతుంది కానీ గాలి చాలావరకు పొడిగా ఉంటుంది. అటు ఎక్కువగా వెళ్లేవాళ్లు ఈకలవి నిక్షేపంగా తీసుకోవచ్చు. అమెరికాలో కొలరాడో, యూటా లాంటి పొడి రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకీ అంతే.

ఇంట్లో ఉన్నవాటితో

‘ఇంత ఖర్చు నావల్ల కాదు’ అనేవాళ్లకి నాకు బాగా పనిచేసిన ఉపాయం ఒకటుంది: స్లీపింగ్ బ్యాగులోకి మీరు దూరకుండా, హ్యామక్‌నే బ్యాగులోకి దూర్చండి. దీర్ఘచతురస్రపు బ్యాగులు కొన్నింటికి జిప్ పక్క నుంచి కిందిదాకా వెళ్లి, కాళ్ల వైపు కూడా తెరుచుకుంటుంది. అలాంటిదాన్ని తెరిచి, హ్యామక్ చుట్టూ చుట్టి, మళ్లీ జిప్ పెట్టి, రెండు కొసలనీ తాడుతో దగ్గరికి లాగి కట్టాలి. ఇప్పుడు బ్యాగు అడుగు మీ కింద వేలాడుతుంది, నలగదు. అంటే పాత బ్యాగే అండర్‌క్విల్ట్ అయింది. కాకపోతే పై వైపు ఒంటికి ఆనకుండా గుడారంలా ఎత్తుగా నిలుస్తుంది కాబట్టి లోపల ఇంకో రగ్గు కప్పుకోవాలి. బాత్రూముకి లేవాలంటే మాత్రం జిప్‌తో కుస్తీ పట్టాలి. పడుకునేముందే వెళ్లొచ్చేయండి.

బొంత, రజాయి సంగతి? పాత చీరలతో కుట్టిన బొంత కింద పరుచుకుంటే కొంత నయం, కానీ నూలు కదా, మంచుకి తేమ పీల్చి బరువెక్కుతుంది. గొంగడి అలా కాదు. మహబూబ్‌నగర్ మిత్రుడొకడు వాళ్ల తాతగారి నల్ల గొంగడి తెచ్చాడు, గొర్రెల వెంట వానలో తిరిగే కాపరులు కప్పుకునే రకం. దక్కనీ గొర్రె ఉన్నితో గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. బరకగా, గోనెసంచిలా గుచ్చుకుంటుంది. దాన్ని రెండు మడతలు వేసి ఫోమ్ మ్యాట్ మీద పరిచి పడుకున్నాడు. 6 డిగ్రీల రాత్రి, మంచులో, కదలకుండా ఏడు గంటలు నిద్రపోయాడు. తేమ తగిలినా ఉన్ని పూర్తిగా చల్లబడదు, ఒత్తినా నూలు అంతగా అణగదు. బరువు మాత్రం భరించలేం, భుజాన వేసుకుని కొండెక్కేది కాదు. కారు పక్కన పడుకునేవాళ్లకి మాత్రం ఫోమ్ మ్యాట్, గొంగడి జోడీని ధైర్యంగా చెబుతాను.

కారు అద్దానికి పెట్టే వెండిరంగు తెర అదనపు పొరగా పర్వాలేదు, అదొక్కటే సరిపోదు. అత్యవసర దుప్పట్లని చాక్లెట్ రేకులాంటివి అమ్ముతారు. అవి గాలిని, ఒంటి తేమని కూడా బయటికి పోనివ్వవు. పొద్దునకి లోపల చెమట బొట్లు. రాత్రంతా చిప్స్ ప్యాకెట్ నలిపినట్టు చప్పుడు వేరే. సంచిలో ఉంచుకోండి, పక్క కింద వద్దు.

చేయకూడనిది ఒకటుంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టినట్టు హ్యామక్ కింద నిప్పులు పెడదామని ప్రతి బృందంలోనూ ఒకరంటారు. ఆ మంచం చెక్క, నులక. ఇది నైలాన్. ఒక్క రవ్వ చాలు, గుడ్డ కరిగి చిల్లు పడి చిరుగుతుంది. హ్యామక్ పైన కప్పులా కట్టే టార్ప్ పట్టాని కిందకి దించి కట్టుకుని లోపల బొగ్గు పెడితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా మనిషిని తీసుకుపోతుంది. చలిమంట దూరంగా, గాలి వాలు చూసి, పడుకునేముందు ఆర్పేయాలి.

పైన, పక్కన

పైన దేనికీ పెద్దగా ఆలోచించక్కర్లేదు. స్లీపింగ్ బ్యాగ్ జిప్ తీసేసి, పాదాల దగ్గర మాత్రం మూసి, రజాయిలా కప్పుకోండి. వీపు కింద నలిగే భాగం ఎలాగూ దండగే. తలకి మంకీ టోపీని మించింది లేదు, ఎవరు నవ్వినా సరే. స్టీలు సీసాలో వేణ్నీళ్లు పోసి, మేజోడు తొడిగి, తొడల మధ్య పెట్టుకుంటే రెండు మూడు గంటలు హాయి. ఆ సీసా ఒక పొరదై ఉండాలి. ఫ్లాస్క్ పెట్టుకుని ‘వేడి రావట్లేదేంటి’ అన్నవాణ్ని నేను చూశాను. వేడి బయటికి రాకుండా చూడటమే కదా పాపం దాని ఉద్యోగం.

టార్ప్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చలికాలం వాన రాదని టార్ప్ మానేస్తే మంచు నేరుగా మీ మీదే కురుస్తుంది. గాలి వచ్చే వైపు అంచుని హ్యామక్ అడుగు కన్నా కిందకి దించి కట్టండి. అడుగున గాలి తగిలితే ఎంత మంచి క్విల్ట్ అయినా ఓడిపోతుంది. రెండు కొసలూ పూర్తిగా మూసేస్తే మన ఊపిరే టార్ప్ లోపల నీటి బొట్లై మీద పడుతుంది, ఒక వైపు తెరిచి ఉంచాలి.

ఎవరికి ఏది

ఏడాదికి ఒకటి రెండు రాత్రులు, కారు పక్కనే, చలి 10 డిగ్రీల దాకా: రెండు పొరల హ్యామక్, ఫోమ్ మ్యాట్, పైన ఉన్నదేదో. ఇంతకు మించి పైసా ఖర్చు పెట్టకండి. చలి 5కి దిగేట్టుంటే ఇంకో మ్యాట్ కలపండి, లేదా గొంగడి వెతకండి.

చలికాలమంతా వారం విడిచి వారం మన్యం ఎక్కేవాళ్లు, వంజంగి మబ్బుల కోసం నిద్ర మానుకునేవాళ్లు: మ్యాట్ రెక్కలతో కుస్తీ పట్టి పట్టి చివరికి అండర్‌క్విల్ట్‌కే వస్తారు. ఆ మధ్యలో గాలి పరుపు కొని డబ్బు పోగొట్టుకోకుండా నేరుగా కృత్రిమ దూది క్విల్ట్‌కి వెళ్లండి. పాత ఫోమ్ మ్యాట్ పారేయకండి, క్విల్ట్‌కి తోడుగా మైనస్‌లకి కూడా పనికొస్తుంది.

అమెరికాలో ఉంటూ స్మోకీస్‌కి (గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కుకి) వెళ్లేవాళ్లు: ఆలోచించడానికేమీ లేదు, క్విల్ట్ కొనేయండి, అక్కడ వాడినవి కూడా తక్కువ ధరకి దొరుకుతుంటాయి. ఆ పార్కు లోపలి అడవుల్లో (బ్యాక్‌కంట్రీలో) హ్యామక్‌ని గుర్తించిన క్యాంపు స్థలాల్లోనే కట్టాలి, షెల్టర్ స్తంభాలకి కట్టకూడదు, అది చూసుకోండి.

చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లూ, చలి 5 డిగ్రీల కిందకి పోతుందనుకునే కొత్తవాళ్లూ: ఈసారికి టెంటు, నేల, మందపాటి పరుపు. హ్యామక్‌ని మధ్యాహ్నం కునుక్కి వాడండి. తాళ్ల వల ఊయలలు రాత్రి నిద్రకి ఎవరికీ పనికిరావు. హిమాలయాల్లో చెట్లు ఆగిపోయే ఎత్తుకి వెళ్తుంటే ఈ వ్యాసమే అక్కర్లేదు.

ఎక్కడ కట్టినా స్థలం యజమానిని అడిగే కట్టండి. రిజర్వు అడవుల్లో, ముఖ్యంగా నల్లమల పులుల అభయారణ్యంలో, మనకి నచ్చిన చోట రాత్రి పడుకోవడానికి లేదు. కాఫీ తోటల్లో ఇంకో మర్యాద ఉంది. సిల్వర్ ఓక్‌లకి మిరియాల తీగలు పాకించి ఉంటాయి, చలికాలంలో అవి గుత్తులతో ఉంటాయి. ఆ మొదటిసారి నేను హ్యామక్ కట్టే పట్టీ చుడుతుంటే తోట పెద్దాయన పరుగున వచ్చి, ‘బాబూ, ఆ తీగ మీద కట్టకండి, మిరియం రాలిపోద్ది’ అని, తీగ లేని రెండు చెట్లు తనే చూపించాడు. పట్టీ కనీసం అంగుళం వెడల్పుండాలి, సన్న తాడు బెరడుని కోసేస్తుంది.

కొన్నదాన్ని మొదట డాబా మీద పరీక్షించండి. హైదరాబాద్‌లో జనవరి రాత్రి, ఏది ఎక్కడ చల్లబడుతోందో తెలియడానికి ఆ చలి చాలు. నచ్చకపోతే మెట్లు దిగి మంచం ఎక్కేయొచ్చు. కాకపోతే పిట్టగోడకి మాత్రం కట్టకండి. పట్టీలు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు లాగే బలం మీ బరువంత ఉంటుంది, 15 డిగ్రీలకి బిగిస్తే దాదాపు రెట్టింపు. 75 కిలోల మనిషి అటూ ఇటూ 145 కిలోల చొప్పున లాగుతుంటే ఇటుకల పిట్టగోడ ఆగదు. రెండు కాంక్రీటు స్తంభాలు చూసుకోండి. ఆ రాత్రి కింద చేత్తో తడుముతూ సాగే తాడుకి సరైన బిగువు ఎక్కడో పట్టుకుని, అక్కడ ఎర్ర దారంతో ముడి వేసి గుర్తు పెట్టుకోండి. కొండ మీద, చీకట్లో, వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఆ ముడిని తడిమితే చాలు.